లీటరులో తక్కువ, చక్రం దగ్గర ఎక్కువ



2023 మార్చిలో డాడ్జ్ కంపెనీ లాస్ వేగాస్‌లో ఒక కారును జనం ముందుకు తెచ్చింది. పేరు చాలెంజర్ ఎస్‌ఆర్‌టీ డీమన్ 170. పేరులోనే దెయ్యం ఉంది. 6.2 లీటర్ల వీ8 ఇంజన్, దాని నెత్తిన గాలిని లోపలికి కుక్కే సూపర్‌చార్జర్. పది శాతం ఇథనాల్ కలిసిన మామూలు అమెరికా పెట్రోలు పోస్తే ఈ బండి 900 హార్స్‌పవర్ ఇస్తుంది. అదే ట్యాంకులో ఇ85 అనే ఇంధనం పోస్తే 1025 ఇస్తుంది. పిస్టన్ మారలేదు, ఒక్క బోల్టు కూడా మారలేదు. బంకులో పట్టుకున్న గొట్టం మారింది, అంతే.

ఆ 170 అనే అంకె మద్యం సీసాల మీది నుంచి వచ్చింది. అమెరికాలో మద్యం ఘాటును ప్రూఫ్ లెక్కలో, శాతానికి రెట్టింపుగా చెబుతారు. ఇ85 అంటే 85 శాతం ఆల్కహాలు, కాబట్టి 170 ప్రూఫ్. ఇథనాల్ అంటే మరేదో వింత రసాయనం కాదు, సారాలో ఉండే సరుకే. ఇంధనంగా అమ్మేటప్పుడు అందులో కావాలనే కాస్త పెట్రోలు కలిపి తాగడానికి పనికిరాకుండా చేస్తారు. లేకపోతే పెట్రోలు బంకు ముందు ఎక్సైజు వాళ్లు కాపలా కూర్చోవాల్సి వచ్చేది.

ఇక అసలు తిరకాసు. లీటరు పెట్రోలును పూర్తిగా కాలిస్తే సుమారు 32 మెగాజౌళ్ల వేడి పుడుతుంది. లీటరు ఇథనాల్ నుంచి వచ్చేది 21 మాత్రమే. అంటే మూడో వంతు తక్కువ. తక్కువ సత్తువ ఉన్న ఇంధనం పోస్తే బండికి ఎక్కువ బలం ఎక్కడి నుంచి వచ్చింది? ఇథనాల్‌కు మార్చిన ప్రతి పర్ఫార్మెన్స్ కారు కథా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

జవాబు వెతకాల్సింది ట్యాంకులో కాదు, గాలి ఫిల్టరు దగ్గర. ఏ ఇంజనైనా ముందుగా గాలి పీల్చే యంత్రం. సిలిండర్లోకి వచ్చిన గాలి ఎంతో, దానికి సరిపడా ఇంధనమే కాలుతుంది. అంతకు మించి పోస్తే మసి తప్ప మిగిలేదేమీ లేదు. 100 గ్రాముల గాలికి 6.8 గ్రాముల పెట్రోలు సరిపోతుంది. స్వచ్ఛమైన ఇథనాల్ అయితే 11 గ్రాములకు పైగా కావాలి. ఇథనాల్ అణువు తనలోనే కొంత ఆక్సిజన్ మోసుకొస్తుంది కాబట్టి బయటి గాలిని తక్కువగా అడుగుతుంది. ఇప్పుడు ఆ రెండు మోతాదులూ కాలిస్తే ఎంత వేడి వస్తుందో లెక్క వేయాలి. 6.8 గ్రాముల పెట్రోలు నుంచి 300 కిలోజౌళ్లకు కాస్త తక్కువ. 11 గ్రాముల ఇథనాల్ నుంచి కూడా దాదాపు అంతే. లీటరు లెక్కలో ఇథనాల్ బీదదే, కానీ పీల్చిన గాలి లెక్కలో పెట్రోలుకు సరిసమానం. ఎక్కువ పోయాలి, అదొక్కటే షరతు.

సమానం దాకా తేలింది. మరి డీమన్‌లో పైనుంచి వచ్చిపడ్డ 125 గుర్రాల సంగతి?

సూది వేసే ముందు నర్సు స్పిరిట్ దూదితో చేతి మీద రాస్తుంది. రాసిన చోట చల్లగా ఉంటుంది. స్పిరిట్ ఆవిరవుతూ చర్మంలోని వేడిని లాక్కుపోవడమే దానికి కారణం. ఇంజన్లోనూ జరిగేది అదే. కిలో పెట్రోలు ఆవిరి కావడానికి 350 కిలోజౌళ్ల వేడి చాలు. కిలో ఇథనాల్‌కు 850 నుంచి 900 దాకా కావాలి. పైగా ఇథనాల్ ఒకటిన్నర రెట్లకు మించి పోస్తున్నారు. రెండూ కలిపి చూస్తే, అదే గాలి నుంచి ఇథనాల్ లాక్కునే వేడి పెట్రోలు లాక్కునేదానికి దాదాపు నాలుగు రెట్లు. గాలి చల్లబడితే చిక్కబడుతుంది, అదే సిలిండర్లో ఇంకాస్త ఎక్కువ పడుతుంది. అంతకంటే ముఖ్యమైన లాభం ఇంకొకటుంది. చల్లటి మిశ్రమం తొందరపడి తనంతట తాను అంటుకోదు.

ఇలా తనంతట తాను అంటుకోవడాన్నే మెకానిక్కులు నాకింగ్ అంటారు. నిండా జనాన్ని ఎక్కించుకుని పెద్ద గేరులో ఘాట్ ఎక్కుతున్న పాత కారులోంచి గొలుసు గలగల లాంటి చప్పుడు వస్తుందే, అదీ సంగతి. స్పార్క్ ప్లగ్గు అంటించిన మంట ఒక పక్క నుంచి వస్తుండగానే, మరో పక్క మిగిలిన మిశ్రమం ఒత్తిడికీ వేడికీ భళ్లున పేలుతుంది. సాదా కారులో అది చెవికి చిరాకు. గాలిని ఒత్తిడితో లోపలికి కుక్కే టర్బో ఉన్న కారులో అది పిస్టన్ ప్రాణానికే గండం. అందుకే ఇంజన్ కంప్యూటర్ నాకింగ్ వినగానే ప్లగ్గు వెలిగే క్షణాన్ని వెనక్కి జరుపుతుంది, టర్బో కుక్కే ఒత్తిడిని, అంటే బూస్ట్‌ను తగ్గిస్తుంది. బలం పోతే పోయింది, ఇంజన్ దక్కుతుంది. నాకింగ్‌ను తట్టుకునే గుణాన్నే ఆక్టేన్ అంకెతో కొలుస్తారు. మన దేశంలో చాలాకాలం దొరికిన మామూలు పెట్రోలు ఆక్టేన్ 91. అదే కొలతలో ఇథనాల్ 108 దాకా వెళ్తుంది.

కాబట్టి ఇథనాల్ తనంతట తాను బలం పుట్టించదు. బలం అడిగే ఇంజన్‌కు అడ్డు చెప్పకుండా ఉంటుంది. అడగని ఇంజన్‌కు దానివల్ల ఒరిగేది మైలేజీ నష్టమే. అమెరికాలో జనరల్ మోటార్స్, ఫోర్డ్ వంటి కంపెనీలు ఏ మిశ్రమంతోనైనా నడిచే ఫ్లెక్స్ ఫ్యూయెల్ బండ్లను లక్షల్లో అమ్మాయి. వాటిలో చాలావాటికి పెట్రోలు మూత పసుపు రంగులో ఉంటుంది. అక్కడ సెకండ్ హ్యాండ్ బండి కొనుక్కున్న మన పిల్లలు ఎంతోమంది ఆ పసుపు మూతను చూసే ఉంటారు. టర్బో లేని ఆ పెద్ద బండ్లలో ఇ85 పోస్తే పికప్‌లో చెప్పుకోదగ్గ మార్పేమీ కనబడదు. ట్యాంకు మాత్రం త్వరగా ఖాళీ అవుతుంది.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ స్వీడన్‌లో కనిపించింది. సాబ్ కంపెనీ 2005లో 9-5 బయోపవర్‌ను తెచ్చింది. రెండు లీటర్ల టర్బో ఇంజన్. పెట్రోలు మీద 150 హార్స్‌పవర్, ఇ85 మీద 180. ఇథనాల్ వచ్చిందని గుర్తుపట్టగానే కంప్యూటర్ బూస్ట్ పెంచి, స్పార్క్‌ను ముందుకు జరిపేది. కుటుంబంతో ప్రయాణించే కారులోనే ఇంత తేడా. అదే స్వీడన్‌లో కోనిగ్‌సెగ్ అనే సూపర్‌కార్ల కంపెనీ ఈ కిటుకును కొసదాకా లాగింది. 2007 నాటి సీసీఎక్స్‌ఆర్ ఇ85 మీద 1018 హార్స్‌పవర్ ఇచ్చింది. దానికి మూలమైన పెట్రోలు కారు ఇచ్చేది 806. ఆ తర్వాత వచ్చిన జెస్కోలో ఐదు లీటర్ల ఇంజనే పెట్రోలు మీద 1280, ఇ85 మీద 1600. పర్యావరణం పేరు చెప్పి అమ్మిన ఇంధనం చివరికి వేగం పిచ్చి ఉన్నవాళ్లకు వరమైంది. దానికి ఎవరూ పెద్దగా బాధపడినట్టు లేదు.

ఇవన్నీ ఫ్యాక్టరీలో ఆలోచించి చేసిన కార్లు. మరి ఇంటి ముందున్న పెట్రోలు కారును ఇథనాల్‌కు మార్చాలంటే? అమెరికాలో ఈ పనికి ఎక్కువగా దొరికిపోయేవి జపాన్ టర్బో కార్లు. మిత్సుబిషి లాన్సర్ ఎవొల్యూషన్, నిస్సాన్ జీటీ-ఆర్, సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ ఎస్‌టీఐ. వీటిలో సుబారునే చూద్దాం. 2.5 లీటర్ల టర్బో ఇంజన్, సుమారు 300 హార్స్‌పవర్. ఆ ఇంజన్‌కు ఒక పేరుమోసిన బలహీనత ఉంది. నాకింగ్ శ్రుతి మించితే పిస్టన్ మీద రింగులు కూర్చునే గాళ్ల మధ్య అంచు పగులుతుంది. కాలిఫోర్నియా బంకుల్లో దొరికే ప్రీమియం పెట్రోలు అమెరికా కొలతలో 91 ఆక్టేనే. చాలా రాష్ట్రాల్లో 93 దొరుకుతుంది. అందువల్ల అక్కడి సుబారు యజమానులు ఇ85 వైపు చూడటానికి బలం ఒక్కటే కారణం కాదు, భయం కూడా ఉంది.

మొదటి అడ్డంకి ఇంజెక్టర్. ఇది అంకెల్లో చూస్తేనే అర్థమవుతుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజన్లో ఒక్కో సిలిండర్‌కు రెండు చుట్లకు ఒకసారి ఇంధనం అందాలి. 7000 ఆర్పీఎం దగ్గర రెండు చుట్లు తిరగడానికి పట్టే సమయం 17 మిల్లీసెకన్లు. పెట్రోలు మీద పూర్తి బలంతో లాగేటప్పుడు ఇంజెక్టర్ 14 మిల్లీసెకన్లు తెరుచుకుని ఉందనుకుందాం. ఇ85కు ఘనపరిమాణంలో 40 శాతానికి పైగా ఎక్కువ కావాలి, అంటే దాదాపు 20 మిల్లీసెకన్లు. కానీ చేతిలో ఉన్నది 17 మాత్రమే. ఇంజెక్టర్ ఎప్పుడూ మూసుకోకుండా తెరుచుకునే ఉన్నా చాలదు. చాలకపోతే మిశ్రమం పలచబడుతుంది, పలచబడితే వేడెక్కుతుంది, ఆ తర్వాత జరిగేది గ్యారేజీ బిల్లులో కనబడుతుంది. అందుకే నిమిషానికి వెయ్యి సీసీ, అంతకు మించి చిమ్మే పెద్ద ఇంజెక్టర్లు వేస్తారు. పెద్దవి వేస్తే ఇంకో చిక్కు. ఐడ్లింగ్‌లో చుక్కంత ఇంధనమే కావాలి. అంత తక్కువ మోతాదును కచ్చితంగా చిమ్మడం పెద్ద ఇంజెక్టర్‌కు కష్టం. నాసిరకం సరుకు వేసుకున్న కార్లు సిగ్నల్ దగ్గర వణకడానికి కారణం ఇదే.

ఇంజెక్టర్ ఎంత పెద్దదైనా వెనక నుంచి తోసే పంపు లేకపోతే దండగ. ట్యాంకులోని పంపును తీసి, ఇథనాల్‌ను తట్టుకునేలా చేసిన ఎక్కువ సామర్థ్యం గలది పెడతారు. అక్కడ చాలామంది మర్చిపోయేది కరెంటు తీగ. కంపెనీ వేసిన సన్నటి తీగలోంచి పెద్ద పంపు లాగే కరెంటు రావాలంటే వోల్టేజీ పడిపోతుంది, పంపు నీరసపడుతుంది. అసలు బ్యాటరీ నుంచే విడిగా లావుపాటి తీగ, రిలే వేసుకోవడం తెలివైన పని. పెట్రోలు పైపుల సంగతి బండి వయసును బట్టి ఉంటుంది. ఈ మధ్య కార్ల పైపులూ సీళ్లూ కొంత ఇథనాల్‌కు సిద్ధంగానే వస్తున్నాయి. పాత బండ్లలోని మామూలు రబ్బరు ఉబ్బి, మెత్తబడి, చిట్లుతుంది. ఇంకో మాట. ఇథనాల్ మంచి ద్రావకం. ఏళ్ల తరబడి ట్యాంకు గోడలకు పట్టిన జిగురునూ మడ్డినీ కడిగి ఫిల్టరులో కుప్పపోస్తుంది. కొత్త ఇంధనానికి మారిన కొద్ది రోజులకే ఫిల్టరు మార్చాల్సి రావడం అక్కడ మామూలు విషయం.

ఇంతవరకూ చేసింది కండబలం పని. తెలివి ఉండేది ఒక చిన్న సెన్సర్‌లో. అరచేతిలో పట్టే డబ్బా, రెండు వైపులా పైపు తగిలించే మూతులు. ఇంధనం దాని గుండా పారుతుంది. విద్యుత్ క్షేత్రానికి పెట్రోలు స్పందించే తీరు వేరు, ఇథనాల్ తీరు వేరు. ఆ గుణాన్ని కొలిచే అంకె పెట్రోలుకు రెండు, ఇథనాల్‌కు ఇరవై నాలుగుకు పైన. ఈ తేడాను పట్టుకుని సెన్సర్ ఒక సంకేతం పంపుతుంది. అమెరికా గ్యారేజీల్లో ఎక్కువగా వాడే రకంలో సెకనుకు 50 కొట్లు కొడితే ఇథనాల్ సున్నా, 150 కొడితే నూటికి నూరు. 110 కొడితే 60 శాతం. ఒక్కో కొట్టు ఎంతసేపు నిలిచిందన్నదాన్ని బట్టి ఇంధనం ఉష్ణోగ్రత కూడా చెబుతుంది.

ఈ సెన్సర్ ఎందుకంటే ఇ85 అని బోర్డు మీద రాసినంత మాత్రాన అందులో 85 ఉండదు. అమెరికా ప్రమాణాల ప్రకారం ఆ పేరుతో అమ్మే ఇంధనంలో ఇథనాల్ 51 నుంచి 83 శాతం దాకా ఎంతైనా ఉండొచ్చు. చలికాలంలో బండి స్టార్ట్ కావాలని కంపెనీలే పెట్రోలు పాలు పెంచుతాయి. దానికితోడు ట్యాంకులో పాత పెట్రోలు మిగిలి ఉంటుంది. 60 లీటర్ల ట్యాంకులో 20 లీటర్ల ఇ10 ఉండగా, నిఖార్సైన ఇ85 మరో 40 లీటర్లు పోశారనుకుంటే తయారయ్యేది ఇ60. సెన్సర్ లేని కారు ఈ లెక్కను యజమాని మీద వదిలేస్తుంది. కంప్యూటర్ ఇ85 ఉందనుకుని స్పార్క్‌ను ముందుకు జరిపి, బూస్ట్ పెంచి ఉంచితే, లోపల ఉన్నది పెట్రోలైతే ఆ రోజుతో పిస్టన్ పని సరి. ఖర్చు తగ్గించుకోవాలనుకునేవాళ్లు మిగతా దేన్ని వదిలేసినా ఈ సెన్సర్‌ను వదలకూడదు.

సెన్సర్ లేని రోజుల్లో, ఇప్పటికీ రేసు ట్రాకుల పక్కన, ఒక గాజు గొట్టం పరీక్ష నడుస్తుంది. గీతలున్న 100 మిల్లీలీటర్ల గొట్టంలో సగం దాకా నీళ్లు పోస్తారు. మిగతా సగం బంకు నుంచి తెచ్చిన ఇంధనం. మూత బిగించి గట్టిగా కుదిపి, నిలబెట్టి వదిలేస్తారు. మొదట పాలలా తెల్లబడుతుంది. కొద్ది నిమిషాల్లో రెండు పొరలుగా విడిపోతుంది. పైన లేత పసుపు పెట్రోలు, అడుగున నీళ్లు. పెట్రోలును వదిలి నీళ్లతో జత కట్టడం ఇథనాల్ స్వభావం కాబట్టి అడుగు పొర 50 గీత దాటి పైకి జరిగి ఉంటుంది. 80 దగ్గర ఆగితే 30 మిల్లీలీటర్ల ఇథనాల్ కిందికి దిగిందన్నమాట. 50లో 30 అంటే సుమారు 60 శాతం. కోట్లు పెట్టి కట్టిన ప్రయోగశాల అక్కర్లేదు, ఇంటర్ కెమిస్ట్రీ చాలు.

ఇక మ్యాపింగ్, అంటే ఎప్పుడు ఎంత ఇంధనం, ఎప్పుడు స్పార్క్ అన్నది కంప్యూటర్‌కు నేర్పడం. కారును బలం కొలిచే డైనో రోలర్ల మీద కట్టేసి, ట్యూనర్ ల్యాప్‌టాప్ పట్టుకుని కూర్చుంటాడు. ముందు పెట్రోలుతో ఒక మ్యాప్, తర్వాత ఇ85తో ఇంకొకటి. మధ్యలో ఉండే మిశ్రమాలకు సెన్సర్ చెప్పిన శాతాన్ని బట్టి కంప్యూటరే రెండింటి నడుమ సర్దుకుంటుంది. పెట్రోలు మీద స్పార్క్‌ను డిగ్రీ డిగ్రీ ముందుకు జరుపుతూ పోతే ఎక్కడో ఒకచోట నాకింగ్ వినబడుతుంది, ట్యూనర్ ఆగుతాడు. ఇథనాల్ మీద ఆ హెచ్చరిక రాదు. ఇంకా జరపవచ్చు, ఇంకా జరపవచ్చు అనిపిస్తుంది. కానీ ఒక హద్దు దాటాక టార్క్ పెరగదు, సిలిండర్లో ఒత్తిడి మాత్రం పెరుగుతుంది. చప్పుడు లేకుండానే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. మంచి ట్యూనర్‌కూ దూకుడు ట్యూనర్‌కూ తేడా తెలిసేది ఇక్కడే. టార్క్ గీత చదును కాగానే మొదటివాడు చెయ్యి వెనక్కి తీసుకుంటాడు.

ఇంధనాన్ని నేరుగా సిలిండర్లోకి చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ కార్లలో కథ ఇంకోలా ఉంటుంది. అక్కడ ఇంజన్ క్యామ్‌షాఫ్ట్ నడిపే హై ప్రెషర్ పంపు ఉంటుంది. అది ఇవ్వగలిగినదానికి పరిమితి ఉంది, మార్చాలంటే ఖర్చు పెద్దది. అందుకని ఫోర్డ్ ఫోకస్ ఎస్‌టీ లాంటి కార్ల యజమానులు చాలామంది ఇ30 దగ్గర ఆగిపోతారు. ఇథనాల్ మొదటి 20, 30 శాతంలోనే ఆక్టేన్‌ను బాగా ఎత్తుతుంది, ఆపైన వచ్చే లాభం నెమ్మదిస్తుంది. కాబట్టి ఇది పిసినారితనం కాదు, లెక్క తెలిసినతనం.

ఈ విద్యలో మిగతా ప్రపంచానికి గురువు బ్రెజిల్. 1973 చమురు సంక్షోభం దెబ్బకు ఆ దేశం 1975 నవంబరులో ఇథనాల్ వాడకాన్ని పెంచే ప్రోఆల్కూల్ పథకం మొదలుపెట్టింది. చెరకు బోలెడుంది, చమురు లేదు. 1979లో ఫియట్ 147 పూర్తిగా ఇథనాల్‌తో నడిచే కారుగా ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చింది. అక్కడి చెరకు సారా పేరు కషాసా. పొగ గొట్టంలోంచి అదే వాసన వస్తోందని జనం ఆ కారుకు ముద్దుగా కషాసిన్యా అని పేరు పెట్టారు. 1980ల నడుమ అమ్ముడైన కొత్త కార్లలో పదింట తొమ్మిది ఇథనాల్‌వే. ఆ దశకం చివర పంచదారకు గిరాకీ పెరిగి, ఇథనాల్ కరువొచ్చింది. బంకుల ముందు వరుసలు, జనంలో విసుగు. ఒకే ఇంధనానికి కట్టేసిన కారు ఎంత నిస్సహాయమో బ్రెజిల్ అప్పుడు చూసింది. 2003లో ఫోక్స్‌వాగన్ గోల్ టోటల్ ఫ్లెక్స్ ఏ మిశ్రమమైనా తాగే కారుగా వచ్చాకే నమ్మకం తిరిగొచ్చింది. ఈరోజుకీ అక్కడి డ్రైవర్లకు ఒక నోటి లెక్క ఉంది. ఇథనాల్ ధర పెట్రోలు ధరలో 70 శాతం దాటిందా, పెట్రోలే పోయించుకోవాలి.

రేసింగ్ వాళ్లూ ఊరికే కూర్చోలేదు. అమెరికా ఇండీకార్ పోటీల్లో 1964 ఇండియానాపొలిస్ ప్రమాదంలో ఇద్దరు డ్రైవర్లు మంటల్లో చనిపోయాక పెట్రోలు పోయి మెథనాల్ వచ్చింది. మెథనాల్ మంట పగటివెలుగులో కంటికి కనబడదు. 1981లో పిట్‌లో డ్రైవర్ రిక్ మియర్స్ కారుకు అంటుకున్న మంట అలాంటిదే. మంట కనబడక చుట్టూ ఉన్నవాళ్లకు కాసేపు ఏం జరుగుతోందో అర్థం కాలేదు. 2007లో ఇథనాల్‌కు మారారు. ఆ ఏడు ఇండీ 500 గెలిచింది డారియో ఫ్రాంకిట్టి.

ఇక నష్టాల చిట్టా. మైలేజీ 25 నుంచి 30 శాతం పడిపోతుంది. ట్రాకు మీద అయితే ట్యాంకు కళ్లముందే కరుగుతుంది. చలిలో స్టార్ట్ కాదు. ఇథనాల్ ఆవిరి అంటుకోవాలంటే కనీసం 13 డిగ్రీల వేడి ఉండాలి, పెట్రోలుకు మైనస్ 40 దగ్గర కూడా ఇబ్బంది లేదు. బ్రెజిల్‌లో పాత ఇథనాల్ కార్లకు స్టార్టింగ్ కోసమే బానెట్ కింద చిన్న పెట్రోలు డబ్బా ఉండేది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి షెడ్డులో కవరు కప్పుకుని పడుకునే కారు ట్యాంకులో దాన్ని వదిలేస్తే లోహపు భాగాలు తుప్పు పడతాయి, ఇంజెక్టర్లు మూసుకుపోతాయి. తక్కువ దూరాలు తిప్పే బండిలో ఇంధనం కొంత ఇంజనాయిల్‌లోకి దిగుతుంది కాబట్టి ఆయిల్ ముందుగానే మార్చాలి. పైగా అమెరికా కాలుష్య చట్టం ప్రకారం ఇంధనం మార్చే కిట్‌కు అనుమతి పత్రం కావాలి. కాలిఫోర్నియాలో ఆ పట్టింపు మరీ ఎక్కువ. గ్యారేజీల్లో జరిగే మార్పుల్లో ఎన్నింటికి ఆ పత్రం ఉంటుందన్నది వేరే సంగతి.

మన దేశంలో ఏమిటి పరిస్థితి? హైదరాబాదులో టర్బో కారు ఉన్న కుర్రాడికి ఇదంతా వింటే చెయ్యి దురద పుట్టడం సహజం. కానీ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి లేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. ఇంధనం మార్చే కిట్‌కు చట్టంలో దారి ఉంది. అయితే ఆ కిట్‌కు ఆమోదం ఉండాలి, ఆర్సీ బుక్కులో ఎక్కించాలి. సీఎన్‌జీ, ఎల్‌పీజీ కార్లన్నీ ఆ దారినే వచ్చాయి. ఇంధనం దొరకడం ఇంకో సమస్య. ఇండియన్ ఆయిల్ 2024 మార్చిలో ఇథనాల్ 100 అనే ఇంధనాన్ని 183 బంకుల్లో మొదలుపెట్టింది. అవి మహారాష్ట్ర, కర్ణాటక, ఉత్తరప్రదేశ్, తమిళనాడు, ఢిల్లీలలో ఉన్నాయి. మొదటి జాబితాలో తెలుగు రాష్ట్రాలు లేవు. ఫ్యాక్టరీ నుంచే ఇథనాల్‌కు సిద్ధమై వచ్చిన మొదటి బండి మన దగ్గర కారు కాదు, బైకు. 2019లో టీవీఎస్ తెచ్చిన అపాచీ ఆర్‌టీఆర్ 200.

ఇథనాల్ తయారీ మాత్రం మన ఊళ్ల గడప దాకా వచ్చేసింది. తూర్పు గోదావరి జిల్లా గోకవరం మండలం గుమ్మళ్లదొడ్డిలో 2022 నవంబరులో ఇథనాల్ కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో అలాంటి ఫ్యాక్టరీ తమకొద్దంటూ ఊరి జనం రోడ్డెక్కారు, అధికారులు పనులు ఆపించారు. టన్ను మొక్కజొన్న నుంచి సుమారు 380 లీటర్ల ఇథనాల్ వస్తుంది. ఆ లెక్కన 60 లీటర్ల ట్యాంకును ఇ85తో నింపితే దాని వెనక సుమారు 135 కిలోల మొక్కజొన్న ఉంటుంది. రేసు ట్రాకు మీద ఒక పూటకే ఆ ట్యాంకు చాలదు. నేల, నీళ్లు, ధాన్యం ఎవరివన్న తగవును హార్స్‌పవర్ లెక్కతో తేల్చలేం.

ఇక మన బంకుల్లోని ఇ20 సంగతి. దాని ఆక్టేన్ 95 అని ప్రభుత్వం చెబుతోంది. అయినా బండ్లున్నవాళ్లు మైలేజీ తగ్గిందంటున్నారే తప్ప, బలం పెరిగిందని ఎక్కడా వినబడటం లేదు. ఇందులో వింత లేదు. లీటరు ఇథనాల్‌లో మూడో వంతు సత్తువ తక్కువ కాబట్టి, పెట్రోలులో ఐదో వంతు దాన్ని కలిపితే లెక్క ప్రకారం ఆరేడు శాతం వేడి తగ్గుతుంది. పెరిగిన ఆక్టేన్‌ను వాడుకునేంత కంప్రెషన్ (సిలిండర్లో మిశ్రమాన్ని ఎన్ని రెట్లు నొక్కుతారన్న అంకె) గానీ టర్బో బూస్ట్ గానీ పాత ఇంజన్లలో లేవు. నాక్ సెన్సర్ ఉండి, తనంతట తాను స్పార్క్ సర్దుకునే కొత్త టర్బో కార్లకు మాత్రం ఎండాకాలంలో కొంత ఊరట దొరుకుతుంది. బ్రెజిల్‌లో ఫియట్ కంపెనీ ఫైర్‌ఫ్లై అనే చిన్న ఒక లీటరు ఇంజన్‌ను టర్బో లేకుండానే 13.2 కంప్రెషన్‌తో కట్టింది. ట్యాంకులో ఎప్పుడూ గణనీయంగా ఇథనాల్ ఉంటుందన్న భరోసాతో వేసుకున్న అంకె అది. మన రోడ్ల మీది మామూలు పెట్రోలు ఇంజన్లు చాలావరకు పది, పదకొండు దగ్గరే ఉన్నాయి.